పరదేశమున ఇల్లు, ఇంటిలో బంగారము

అమెరికాలోనో ఇంగ్లండులోనో కాపురమున్న బిడ్డను గూర్చి ఇక్కడి తల్లిదండ్రులు అడుగు ప్రశ్నలు సాధారణముగా రెండే యుండును. ఉద్యోగము బాగుగా నున్నదా, అక్కడి చలి పడుచున్నదా అని. ఇల్లు భద్రముగా నున్నదా అని అడుగువారు అరుదు. సంపన్న దేశములు గదా, పోలీసులు పిలిచిన పలుకుదురు గదా యను నమ్మకమే దీనికి కారణము. ఆ నమ్మకము చాలవరకు సమంజసమే. ఇంగ్లండు, వేల్సులలోను, అమెరికా సంయుక్త రాష్ట్రములలోను ఇండ్లు పగులగొట్టి చేయు దొంగతనములు 1990ల నడిమికాలముతో పోల్చినచో ఎంతో తగ్గినవి. అయినను ఆ దేశములందలి మనవారి ఇండ్లకు ప్రత్యేకమైన అపాయ మొకటి యున్నది. దానిని మనమే పెట్టెలలో సర్ది, పసుపుకుంకుమలతోపాటు ఇచ్చి పంపుచున్నాము. అది బంగారము.

ఇంగ్లండు పోలీసుల వాడుకలో ‘ఏషియన్ గోల్డ్’ అను మాట చాలకాలముగా నున్నది. భారత ఉపఖండమునుండి వెళ్లిన కుటుంబముల ఇండ్లలో నుండు మేలిమి నగలకు వారు పెట్టుకొన్న పేరది. ఒక సొత్తునకు పోలీసుశాఖలో ప్రత్యేకమైన పేరు కుదిరినదనగా దాని దొంగతనము ఎంత రివాజైనదో ఊహింపవచ్చును. 2019లో బి.బి.సి. వారు సమాచార హక్కు చట్టము క్రింద పోలీసు శాఖలనుండి లెక్కలు తెప్పించి ప్రకటించిరి. అంతకు ముందటి 5 సంవత్సరములలో ఇట్టి దొంగతనములు సుమారు 28 వేలు జరిగినవనియు, పోయిన నగల విలువ 14 కోట్ల పౌండ్లనియు అందు తేలినది. అందు అధికభాగము లండను మహానగర ప్రాంతములోనిదే. దీపావళి సమీపించుసరికి అక్కడి పోలీసులు మనవారికి జాగ్రత్తలు చెప్పుట ఆనవాయితీ అయినది. మన లక్ష్మీపూజ ఏనాడో దొంగకును తెలిసినదన్నమాట!

అమెరికాలో జరిగిన ఉదంత మొకటి ఇంతకంటె భయంకరమైనది. 2011 మొదలు 2014 వరకు జార్జియా, న్యూయార్కు, ఒహాయో, మిచిగన్, టెక్సస్ రాష్ట్రములలో ఒక ముఠా ఆసియా, భారత సంతతులవారి ఇండ్లనే ఏరికోరి దోచినది. ముఠాకు నాయకురాలు ఒక స్త్రీ. ఏ ఊరిలో ఏ కుటుంబముపై పడవలెనో జాబితాలు సిద్ధపరచి, మనుష్యులను కూర్చి పంపునది ఆమెయే. వారు ముసుగులు ధరించి, ఆయుధములతో ఇల్లు చొచ్చి, ఇంటివారిని బెదిరించి కట్టివేసి, నగలును నగదును దోచుకొనిరి. 2019లో మిచిగన్ నందలి ఫెడరల్ న్యాయస్థానము ఆమెకు 37 సంవత్సరముల కారాగారశిక్ష విధించెను. ఇంట బంగారముండునని, డబ్బుండునని దొంగలు జాతినిబట్టి లెక్కవేసికొన్నారనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

ఇది విని గుండెలు బాదుకొన నవసరము లేదు. అమెరికా న్యాయశాఖవారు 2003 నుండి 2007 వరకు జరిగిన గృహచౌర్యములను పరిశీలించిరి. ఏటికి సగటున 37 లక్షలు. అందు ఇంట ఎవరైనను ఉండగా జరిగినవి నూటికి 28. ఇంటివారిపై దౌర్జన్యము జరిగినవి నూటికి 7. అనగా దొంగ కోరునది ఖాళీ యిల్లు. ఈ సంగతి మనవారి కాపురముల తీరుతో కలిపి చూడవలెను. 2017 నాటికే అమెరికాలో ఇంట తెలుగు మాట్లాడువారు 4 లక్షలకు మించిరని అక్కడి జనగణన శాఖవారి సర్వే తెలుపుచున్నది. వీరిలో పెక్కురు భార్యాభర్తలిరువురును ఉద్యోగస్థులు. పిల్లలు బడికి, పెద్దలు కచేరీలకు పోయిన పిమ్మట ఉదయము 8 గంటలనుండి సాయంకాలము 6 వరకు ఆ ఇంట మనిషి యుండడు. ఎదురింటివారును అంతే.

1979లో లారెన్స్ కోహెన్, మార్కస్ ఫెల్సన్ అను ఇద్దరు అమెరికా సాంఘిక శాస్త్రవేత్తలు ఈ విషయమునే ఒక సిద్ధాంతముగా చెప్పిరి. రెండవ ప్రపంచ యుద్ధానంతరము ఆ దేశము ఐశ్వర్యవంతమగుచుండగా దొంగతనములు తగ్గవలసినది పోయి ఏల పెరిగినవని వారి ప్రశ్న. దొంగబుద్ధి గలవాడు, అనువైన సొత్తు, కాపులేని సమయము, ఈ మూడును ఒక్కచోట కలిసినపుడే నేరము జరుగునని వారి సమాధానము. స్త్రీలు ఉద్యోగములకు వెడలుటచే ఇండ్లు పగలు ఖాళీయైనవి. సామానులు తేలికై మోయుటకు వీలైనవి. దొంగలసంఖ్య పెరుగకున్నను దొంగతనము పెరుగుటకు ఇంత చాలును. మనకు దొంగయనిన రాత్రివేళ గోడకు కన్నము వేయువాడు. ఇంగ్లీషు చట్టమునకును ఒకప్పుడు అంతే. 1968లో క్రొత్త దొంగతనముల చట్టము వచ్చువరకు, రాత్రి 9 గంటలకును ఉదయము 6 గంటలకును నడుమ ఇల్లు చొచ్చినదే వారికి ‘బర్గ్లరీ’. పగలు చొచ్చినచో వేరు నేరము. ఇప్పటి దొంగకు పగటివేళయే అనువైన వేళ.

ఇక సొత్తు సంగతి. బంగారములో బంగారమునకు భేదమున్నది. మన నగ 22 క్యారెట్లది, నూటికి 91.6 పాళ్లు మేలిమి. ఇంగ్లండులో సామాన్యులు ధరించు నగలు పెక్కులు 9 క్యారెట్లవి. అందు మేలిమి 37.5 పాళ్లే. అమెరికాలో వాడుకగా నుండు 14 క్యారెట్ల నగలో సుమారు 58 పాళ్లు. కావున తూకము సమానమైనను మన నగ దొంగకు ఆ 9 క్యారెట్ల నగకంటె రెండింతలకు పైగా గిట్టును. దొంగిలించిన టెలివిజనుపై తయారీ సంఖ్య యుండును. కాసులపేరు మూసలో కరగిన తరువాత దానికి ఊరులేదు, పేరులేదు. ఇంగ్లండులో 2013నాటి తుక్కులోహ వ్యాపారుల చట్టము వలన పాత రాగితీగను రొక్కమునకు కొనుట నేరమైనది. కాని ఆ చట్టమునందలి నిర్వచనము బంగారమును, వెండిని మినహాయించినది! తీగెకున్న రక్ష తాళిబొట్టుకు లేకపోవుట చోద్యముగనే యున్నది.

మన దేశమున నగ అలంకారము మాత్రమే కాదని చెప్పనక్కరలేదు. అది ఆడుబిడ్డకు ఆపద్ధనము. కరవులోను, వైధవ్యములోను, వ్యాజ్యములోను పనికివచ్చు చేతిక్రింది బ్యాంకు. అయితే ఆ ఏర్పాటునకు చుట్టును కొన్ని కాపులుండెను. ఇంట ముసలివారు ఎల్లవేళల నుందురు. వీథి అరుగుమీద ఎవరో యొకరు కూర్చుండియే యుందురు. క్రొత్తవాడు సందులోనికి వచ్చిన నలుగురు ‘ఎవరి తాలూకు?’ అని అడుగుదురు. నగను సముద్రము దాటించితిమి గాని ఆ అరుగును, ఆ ముసలమ్మను దాటించలేకపోతిమి. పరదేశమునందలి భద్రతా సమస్యయంతయు ఇందే యున్నదని నా అభిప్రాయము.

ఇంట ఏమున్నదో దొంగకెట్లు తెలియును? శూద్రకుని మృచ్ఛకటికములో దీనికి చక్కని సమాధానమున్నది. శర్విలకుడు చారుదత్తుని ఇంటికి శాస్త్రోక్తముగా కన్నము వేయును. కొలతాడు మరచివచ్చుటచే తన జందెముతోనే కొలుచును. కన్నము ఏ ఆకారమున నుండవలెనా యని యోచించి పూర్ణకుంభమును ఎన్నుకొనును. ఇంత శ్రమపడి లోనికి పోయి చూడగా అది పేదవాని ఇల్లు. మద్దెలలు, వీణలు తప్ప ఏమియు లేవు. వెడలిపోవలెననుకొనుచుండగా విదూషకుడు మైత్రేయుడు నిద్రలో పలవరించి, వసంతసేన దాచుకొనుటకిచ్చిన నగలపెట్టెను తీసికొమ్మని తానే చేతికిచ్చును. కన్నముకంటె పలవరింతయే కొంప ముంచినది.

నేటి పలవరింతలు వేరు. మూడువారములకు ఇండియా పోవుచున్నామని విమానాశ్రయమునుండి ఛాయాచిత్రము నలుగురికి పంపుట అట్టిది. పెండ్లిలో ధరించిన వడ్డాణము, చంద్రహారములతో తీసిన చిత్రములను ఇంటి గుర్తులతో సహా లోకమునకు చూపుట అట్టిది. పండుగనాడు నగలన్నియు ధరించి ఆలయమునకు పోయి, కారెక్కి తిన్నగా ఇల్లు చేరువారు తమ వెనుక వచ్చు కారును గమనింపరు. గుమ్మమునకు తోరణము, వాకిట ముగ్గు, వరుసగా విడిచిన చెప్పులు చూచినచో ఇది ఎవరి ఇల్లో ఎవనికైనను తెలియును. ఇందుకుగాను తోరణము తీసివేయుడని నేను చెప్పను. తన ఇంటి ముంగిట తనవాడుగా కనబడుటకు భయపడవలసివచ్చిన అది కాపురమే కాదు. కాని తారీఖులు చెప్పుట మానవచ్చును. ప్రయాణపు చిత్రములు తిరిగివచ్చిన పిమ్మట చూపినను వాటి అందము తరుగదు.

ఇంటి కట్టడమును గూర్చియు తెలిసికొనవలెను. మన ఇండ్ల టేకుతలుపు, అడ్డగడియ, కిటికీలకు ఇనుపచువ్వలు మనస్సులో పెట్టుకొని అక్కడి ఇంటిని చూడరాదు. అమెరికా ఇండ్లు పెక్కులు కొయ్యచట్రముపై పలకలు బిగించి కట్టినవి, కిటికీలకు చువ్వలుండవు. తలుపును బలముగా తన్నినపుడు విరుగునది తాళము కాదు. తాళపునాలుక దూరు లోహపుపట్టీని ద్వారబంధమునకు పొట్టి మరమేకులతో బిగించియుందురు. ఆ మేకులు ఊడి, ద్వారబంధపు కొయ్య చీలిపోవును. వందల డాలర్ల తాళము నిక్షేపముగానే యుండును! పట్టీకి 3 అంగుళముల మరమేకులు వేసి, ద్వారబంధము వెనుకనున్న నిలువుకొయ్యలోనికి దిగునట్లు బిగించినచో ఆ తలుపు ఎన్నియో తన్నులకు ఓర్చును. దీనికగు ఖర్చు కొలది డాలర్లు. పెరటివైపు జరుపుడు అద్దపుతలుపు ఉన్నచో, అది జరుగు గాడిలో కొలతకు కోసిన కఱ్ఱను పడవేసిన చాలును. పాత చీపురుకఱ్ఱయైనను పనిచేయును. కారుషెడ్డు తలుపును తెరచు రిమోటును బయట నిలిపిన కారులో వదలువారు ఇంటి తాళపుచెవిని వీథిలో వదలినట్లే.

ఇంగ్లండులో తీరు వేరు. అక్కడి ప్లాస్టిక్ చట్రపు తలుపులకు దూర్చు తాళపుగొట్ట ముండును. పాతరకపు గొట్టమును దొంగలు పనిముట్టుతో పట్టి నడిమికి విరిచివేయుదురు. ఒకటిరెండు నిమిషముల పని. విరుగుడుకు తట్టుకొను గొట్టములకు అక్కడ మూడు నక్షత్రముల గుర్తు వేయు ప్రమాణమున్నది. అద్దె ఇంటిలో దిగినవారు యజమానిని ఆ గుర్తు గలదా యని అడుగుటకు మొగమాట పడరాదు.

ప్రమాదఘంటలును కెమెరాలును పనిచేయునా యని పలువురు అడుగుచుందురు. నార్త్ కెరొలినా విశ్వవిద్యాలయపు షార్లట్ శాఖవారు మూడు రాష్ట్రముల చెరసాలలలోని 422 మంది గృహచోరులనే ఈ సంగతి అడిగి 2012లో వివరములు ప్రకటించిరి. ఇంట అలారము కలదా లేదా యని ముందుగా చూచుకొందుమనినవారు నూటికి 80కి పైబడిరి. ఉన్నదని తెలిసిన వేరొక ఇల్లు చూచుకొందుమనినవారు నూటికి 60 మంది. కావున దాని ఉపయోగము కాదనలేము. మిగిలిన 40 మంది మాటయు మరువరాదు.

యంత్రముకంటె మనిషి కాపు ఎంత పనిచేయునో చూపిన ప్రయోగ మొకటి ఇంగ్లండున జరిగినది. మాంచెస్టరు సమీపమునందలి రాచ్‌డేల్ పట్టణములో కర్కోల్ట్ అను పేదల నివాసము కలదు. 1980ల నడుమ అచ్చటి ఇండ్లలో దొంగతనములు అపారము. పరిశోధకులు లెక్కలు తీయగా వింతయొకటి బయటపడెను. ఒకమారు దోపిడియైన ఇంటికి తిరిగి దొంగ వచ్చు అవకాశము, ఎన్నడును దొంగపడని ఇంటికన్న నాలుగింతలు. పోయిన ఇంటికి ఇంకెవరు వత్తురని మనమనుకొందుము. దొంగ లెక్క వేరు: దారి తెలిసినది, తలుపు తెలిసినది, పోయిన సామాను మరల కొనియుందురు. అందుచే వారు ఊరంతటికి కావలి పెట్టక, దొంగపడిన ఇంటికే తాళములు బిగించిరి. నాణెములు వేసెడి గ్యాసు, కరెంటు మీటర్లను తొలగించిరి. చుట్టునున్న అరడజను ఇండ్లవారిని పిలిచి ఆ ఇంటిని కనిపెట్టుడని కోరిరి. మూడేండ్లలో దొంగతనములు నూటికి 75 వంతులు తగ్గినవి.

ఇందు మనవారు గ్రహింపవలసినది స్పష్టము. దొంగపడిన మరునాడు దుఃఖముతో తలుపులు మూసికొని కూర్చుండుట, పరువు పోవునని సాటి తెలుగువారికి చెప్పకుండుట రెండును హానికరములే. తరువాతి కొలది వారములే ఆ ఇంటికిని, ఆ వీథిలోని ఇండ్లకును గడ్డుకాలము. చుట్టుప్రక్కలవారు తెల్లవారైనను, నల్లవారైనను, చీనావారైనను పోయి చెప్పవలెను. అక్కడ పదేండ్లు కాపురముండి ప్రక్కింటివారి పేరు తెలియనివారు మనలో తక్కువమంది కారు. ఒక పండుగనాడు బొబ్బట్ల పళ్లెముతో ఆ తలుపు తట్టుట కెమెరా కొనుటకంటె చౌక. అరుగు మీది మనిషిని అక్కడ అట్లే సంపాదింపవలెను.

నగలను ఇంటనే దాచదలచినవారు ఎక్కడ దాచుదురో మనకు తెలియును: పడకగది బీరువాలో చీరెల క్రింద, దేవునిగదిలో, బియ్యపుడబ్బాలో. దొంగకును తెలియును. వాడు మొట్టమొదట పోవునది పెద్ద పడకగదికే. ఇనుపపెట్టె కొనినచో నేలకు బిగింపవలెను. లేకున్న పెట్టెతో సహా మోసికొనిపోవును. బ్యాంకులాకరు మేలు. అమెరికాలో బ్యాంకు డిపాజిట్లకున్న ప్రభుత్వ బీమా లాకరులోని వస్తువులకు లేదని మాత్రము గుర్తుంచుకొనవలెను. ఇంగ్లండులో పెద్ద బ్యాంకులు లాకర్లను చాలవరకు మానివేసినందున ప్రజలు ప్రైవేటు భద్రగృహములకు పోవుచున్నారు. 2015 ఈస్టరు సెలవులలో లండనునందు హాటన్ గార్డెన్‌లోని అట్టి యొక భద్రగృహమును దొంగలు దోచిరి. అర మీటరు మందముగల కాంక్రీటుగోడకు డ్రిల్లుయంత్రముతో రంధ్రము చేసి, 73 పెట్టెలు పగులగొట్టిరి. పట్టుబడినవారిలో పలువురు అరువదియేండ్లు దాటిన వృద్ధులు! కన్నపుదొంగతనము అంతరించినదని ఎవరనగలరు? అయినను ఇది ఎప్పుడోగాని జరుగనిది. దీనికి జడిసి నగలను బియ్యపుడబ్బాలోనికి తిరిగి తేవలసిన పనిలేదు.

బీమా విషయమున మనవారు తరచుగా పొరబడుచున్నారు. అమెరికాలో ఇంటిబీమా యున్నది గదా యని ధైర్యముగా నుందురు. సాధారణమైన పాలసీలలో నగల దొంగతనమునకు ఇచ్చు మొత్తము 1,500 డాలర్ల వంటి చిన్నమొత్తమునకే పరిమితమై యుండును. నేటి ధరలో ఒక సన్నని గొలుసునకే అది చాలదు. నగలకు విలువ కట్టించి, ఒక్కొక్కదానిని పేరుపేరున పాలసీలో చేర్పించి, వేరుగా ప్రీమియము చెల్లింపవలెను. అప్పుడును నగ ఉండెనని ఋజువు చూపవలసియుండును. ఇక్కడనే ఇంటనున్నవారి పూనిక కావలసివచ్చుచున్నది. అమ్మమ్మనుండి వచ్చిన కాసులపేరునకు రసీదు ఎక్కడిది? కావున బిడ్డ పయనమగుటకు ముందే కంసాలివద్ద తూకము వేయించి కాగితముమీద వ్రాయించి, ప్రతి నగకును ప్రక్కన కొలబద్ద నుంచి ఛాయాచిత్రము తీసి, ఒక ప్రతి ఇక్కడను, ఒక ప్రతి అక్కడను ఉంచుకొనవలెను. విమానాశ్రయమున కస్టమ్సువారివద్ద నగలు చూపి ధ్రువపత్రము తీసికొనినచో, తిరిగి వచ్చునపుడు సుంకపు తగాదా యుండదు. ఆ పత్రము ఋజువుగాను పనికివచ్చును.

అంతకుముందు అడుగవలసిన ప్రశ్న మరియొకటి కలదు. ఆ నగలన్నియు అక్కడికి పోవలెనా? సంవత్సరమున రెండుమూడు వేడుకలకు ధరించుటకు ఒక జత గాజులు, నల్లపూసలు, ఒక గొలుసు చాలవా? బిడ్డను బోసిమెడతో పంపితిమని నలుగురు అనుకొందురేమోయని తల్లులు వెనుదీయుదురు. నలుగురును ఇక్కడనే యుందురు. నగ పోయిన నాడు ఆ ఖాళీ బీరువా ముందు ఒంటరిగా కూర్చుండునది ఆ పిల్ల.

కడపటిది పెద్దవారి సంగతి. బిడ్డకు పురుడు పోయుటకో, మనుమలను చూచుటకో పోయి ఆరుమాసములుండు తల్లిదండ్రులు పగలంతయు ఆ ఇంట ఒంటరిగా నుందురు. ఇంట మనిషి యుండుట మంచిదే; కాని మన మర్యాద చొప్పున తలుపు తట్టినవానికి తలుపు తీయుట వారి అలవాటు. అక్కడ తీయనవసరము లేదు. తీయకున్న ఎవరును తప్పు పట్టరు. లోపలనుండియే మాటాడవచ్చును. పలుకకుండ మాత్రము ఉండరాదు. ఇల్లు ఖాళీయని తలచి తలుపు పగులగొట్టువాడు, లోపల మనుష్యుల అలికిడి విన్న మరలిపోవుటయే సహజము. ఎవడైనను లోనికి చొరబడినచో నగలకొఱకు పెనుగులాడక బయటపడవలెను. లేదా ఒక గదిలో గడియ వేసికొని అమెరికాలో 911కు, ఇంగ్లండులో 999కి ఫోను చేయవలెను. చిరునామాను పెద్ద అక్షరములతో, ఇంగ్లీషు ఉచ్చారణను తెలుగు లిపిలో వ్రాసి, ఫోనుప్రక్కన గోడకు అంటించుట పిల్లల విధి. ఇంగ్లీషు రాదని జంకనక్కరలేదు. చాలచోట్ల ఆ ఫోను తీయువారు దుబాసీని తంతిమీదనే కలుపుదురు. ‘తెలుగు’ అని ఒక్కమాట రెండుమారులు స్పష్టముగా చెప్పవలెను. అవతల కొంతసేపు ఏమియు వినబడకున్నను రిసీవరు దించరాదు. తెలుగుగొంతు పలుకువరకు చెవికి ఆనించి పట్టుకొనియే యుండవలెను.